తల జాగ్రత్త

ఇంగ్లండులో పెంబ్రిడ్జ్ అనే పల్లెలోని ఆ టూడర్ రాజుల కాలపు ఇంటిని కొందామని నాకంటే ముందు ఆరుగురు చూసి వెళ్లారు.

గుమ్మంలో అడుగు పెట్టబోతుంటే బ్రోకరు “తల...” అన్నాడు. ముసలి ఇంటావిడ మిసెస్ ప్రాసర్ చెయ్యెత్తి అతని నోరు మూయించింది.

నాలుగొందల ఏళ్ల నాటి ఓక్ దూలం నా నుదుటికి దభీమని తగిలింది.

“నీ దుంప తెగ!” అని దూలాన్ని తిట్టాను.

ముసలావిడ పరుగున వెళ్లి, ఫ్రీజర్లోంచి బఠాణీల సంచి తెచ్చి నా నుదుటికి అదిమింది.

“ఇవి తినడానికి కావులే. ఇల్లు నీకే ఇస్తాను నాయనా.”

“ముందొచ్చిన ఆరుగురిలో ఎవరూ నచ్చలేదా అండీ?”

“అందరూ బుద్ధిగా తల వంచుకునే వచ్చారు.”

ఆవిడకి కాస్త తిక్క అనుకున్నాను.

తాళాలు ఇచ్చే రోజున కోటు తొడుక్కుని, ఖాళీ గదిలో చల్లారిన పొయ్యి పక్కన నిలబడింది.

“మా ఆయన ఆర్చీ నీ అంత పొడుగు. పని నుంచి వచ్చాడని నలభై మూడేళ్లు ఆ చప్పుడుతోనే తెలిసేది. రోజూ కొట్టుకునేవాడు, రోజూ తిట్టేవాడు. పోయి మూడేళ్లయింది.”

కళ్లు మూసుకుంది.

“ఇంకొక్కసారి బయటికెళ్లి రా నాయనా.”

వెళ్లాను. తల వంచకుండానే లోపలికి వచ్చాను.

తిట్టడానికి మాత్రం నోరు రాలేదు.