ఒత్తులు ఎవరివి

పాత హోమ్ కంప్యూటర్ల అభిమానులు ఇక్కడ విదేశంలో, మా క్రెయిగీబర్న్ ఊరి హాల్లో కలుస్తుంటే, జేబులో పాత ప్రోగ్రాం ఉన్న కాసెట్ పెట్టుకుని వెళ్లాను. పోయిన నెల చనిపోయిన మక్సూద్‌కు ఆ రోజు నివాళి. టీవీ తెర మీద తెలుగు ఒత్తులు తెప్పించిన ఘనుడని బ్యానర్ కట్టారు.

ఆ ఒత్తులు తెప్పించిన ప్రోగ్రాం నాది. 1986లో నెల్లూరులో ఇద్దరం ఒకే గదిలో పనిచేశాం. పేరు మాత్రం అతను కొట్టేశాడు. నలభై ఏళ్లు అతనితో మాట్లాడలేదు.

కాసెట్ అతని కూతురు ఇఫ్రాకు ఇచ్చాను. "ఇది అసలుది. పెట్టమ్మా."

"ఒరిజినలా అంకుల్? డాడ్ దగ్గర కూడా లేదే."

ప్రోగ్రాం కంప్యూటర్లోకి ఎక్కేదాకా కాసెట్ ఐదు నిమిషాలు కీచుమంది. తెర మీద 'నెల్లూరు' అని వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు కోడ్ చూపించు. ఎవరు రాశారో అందులోనే ఉంటుంది" అన్నాను.

మొదటి వరసలోనే నా పేరు. ఇఫ్రా మొహం వాడిపోయింది.

"సారీ అంకుల్. డాడ్ మాకెప్పుడూ చెప్పలేదు."

"ఎలా చెప్తాడు?" అన్నాను, హాలంతా వినపడేలా.

వరసలు పైకి జరిగాయి. ఒత్తుల భాగం దగ్గర, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు వాక్యం. అప్పట్లో గుర్తు కోసం నేనే టైపు చేసుకుని, తర్వాత మర్చేపోయినది. ఇఫ్రా కూడబలుక్కుని పైకే చదివింది.

"ఈ భాగం మక్సూద్ రాశాడు. నాకు చేతకాలేదు."

నా వైపు తిరిగింది. "చేతకాలేదు అంటే ఏంటి అంకుల్?"

"నాకు రాలేదని, అమ్మా" అన్నాను.