ట్రాలీకి రెండు గొలుసులు

ఆ పొద్దున ఆకాశం ఏమీ చేయలేదు. వాన పడలేదు, ఎండా రాలేదు. రాంగోపాల్‌పేట్ రేకుల కప్పుల మీద బూడిదరంగు మబ్బు కదలకుండా నిలబడి ఉంది.

దేవానందం జీపు ఆపి దిగాడు. బ్రహ్మచారి వెల్డింగ్ షాపు షట్టర్ సగం లేచి ఉంది. ఎదురుగా టీ బండి పెట్టుకున్న జంగయ్య ఆ గల్లీకి వచ్చి నెల కూడా కాలేదు. నోరు ఊరుకోదు.

"ఏంది చారీ, అమాస నాడు మీరు ఇనుము ముట్టరంట గదా! పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు షట్టర్ లేపినవ్? గిరాకీ బంగారం గిట్ట ఇస్తుండా ఏంది?"

"నీ చాయ్ నువ్వు అమ్ముకో," అన్నాడు బ్రహ్మచారి.

దేవానందం సైనిక్‌పురిలో ఒక కల్నల్ గారి డ్రైవరు. కల్నల్ గారికి మోకాళ్ళు అరిగాయి. గోల్ఫ్ మానలేక బ్యాటరీతో నడిచే బండి ఒకటి కొనుక్కున్నారు. ఆదివారం వచ్చిందంటే ఆ బండిని ట్రాలీ మీదికి ఎక్కించి, ట్రాలీని జీపుకు తగిలించి, మైదానానికి తీసుకెళ్ళడం దేవానందం పని. కిందటేడు వానాకాలంలో నేరేడ్‌మెట్ వాలు మీద ట్రాలీ ఊడింది. బండితో సహా పల్లానికి జారిపోయింది. ట్రాలీ తుక్కయింది. సొట్టలు తీయించిన బండి అప్పటినుంచీ షెడ్డులోనే ఉంది.

ఇప్పుడు కల్నల్ గారు మళ్ళీ ఆడతానంటున్నారు. ఎక్కడైనా మంచి ట్రాలీ చూడమన్నారు. దేవానందానికి కావలసింది ఒక్కటే. ఈసారి ఊడకూడదు. ఆ ఆలోచనతో వారం రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. సంగతి ఎలా తెలిసిందో, బ్రహ్మచారే కబురు పంపాడు. ఇంకెక్కడా కొనొద్దు, నా దగ్గరికే రా అని.

"బండి ఎంత బరువు?" ముఖం చూడకుండా అడిగాడు బ్రహ్మచారి.

"బ్యాటరీలతో కలిపి నాలుగు వందల యాభై కిలోలండి."

"పొడుగు?"

"ఎనిమిది అడుగులు. వెడల్పు నాలుగు."

షాపు వెనక మూడు ట్రాలీలున్నాయి. దేవానందం మొదటిదాని మీద చెయ్యి వేశాడు. చిన్నది, జీపుకు తేలిక.

"అది పాలక్యాన్లు మోసేది. నీ బండి ఎక్కితే నడుం ఇరుగుతది."

రెండోదాని వైపు చూశాడు.

"గంత ఎత్తు మీద బండి పెడితే మలుపుల పల్టీ కొడతది. నేలకు దగ్గరుండాలె."

మూడోది బ్రహ్మచారి కొత్తగా చేసింది. మోకాలి కంటే ఎత్తు లేదు. వెనక తలుపు దించితే బండి ఎక్కడానికి వాలుబల్ల అవుతుంది. ఎర్ర రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. బ్రహ్మచారి సుద్దముక్కతో దాని మీద నాలుగు గుర్తులు పెట్టాడు.

"చక్రాలు ఈడ నిలవాలె. బరువు ఇరుసుకు జెర ముంగట పడాలె. ఎన్కకు పడ్డదనుకో, ట్రాలీ తోక ఊపుతది. ఇగ నీ చేతుల ఉండదు."

"అప్పుడు వెనక్కే పెట్టానండి."

బ్రహ్మచారి పెట్టిన గుర్తు మీదే మళ్ళీ గీశాడు.

"దేనితోని కట్టినవ్?"

"కొబ్బరి తాడుతోటి. మా ఊళ్ళో గడ్డిబండికి కట్టినట్టు, పైనించి వేసి."

"గడ్డికి చక్రాలుంటయా?" నాలుగు బెల్టులు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "పైన కప్పుకు కాదు. కింద ఇరుసులకు. నాలుగు మూలలకు నాలుగు. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టు. జెర దూరం పోయి, ఆపి, మళ్ళ బిగియ్యి."

"అలాగేనండి."

"కొక్కెంల పిన్ను?"

దేవానందం చేతిలో బెల్టులు కింద పెట్టాడు.

"పోయిందండి. మేకు వంచి పెట్టాను."

బ్రహ్మచారి చేతిలో సుత్తి ఆగింది. మళ్ళీ కదిలింది.

ట్రాలీని జీపు దగ్గరికి తోసుకొచ్చి, కొక్కేనికి తాళం పడే పిన్ను బిగించాడు. తర్వాత రెండు గొలుసులు తీసి, కొక్కెం కిందుగా ఒకదానికొకటి అడ్డంగా వేసి జీపుకు తగిలించాడు.

"కొక్కెం ఊడినా ట్రాలీ ముక్కు రోడ్డుకు తగలదు. గొలుసుల మీద ఆగుతది. నువ్వు నిమ్మళంగ ఆపుకునే దాంక ట్రాలీ నీ ఎంటనే ఉంటది."

"అందరికీ రెండేస్తారాండీ?"

"ఏడాది సంది ఏస్తున్న. వద్దన్నోనికి ట్రాలీ ఇస్తలేను. ఇగ నువ్వు తగిలియ్యి."

దేవానందం తగిలించాడు. విప్పాడు. మళ్ళీ తగిలించాడు. ఆరోసారి పిన్ను జారి కింద పడింది.

"మళ్ళ," అన్నాడు బ్రహ్మచారి.

ఎన్నిసార్లయిందో ఇద్దరూ లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం బ్రహ్మచారి భార్య శ్యామలమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. నేల తుడిచి మూడు విస్తర్లు వేసింది. గారెలు, గుమ్మడికాయ కూర, పచ్చిపులుసు, సేమ్యా పాయసం. ఒక చిన్న డబ్బా మాత్రం విడిగా పెట్టింది.

"గివన్నీ పోయినోళ్ళకు పెట్టి తెచ్చినయి," అంది, దేవానందం వైపు కాకుండా గోడ వైపు చూస్తూ. "చర్చికి పోయెటోళ్ళు తినరు గదా. నీకు డబ్బాల వేరే తెచ్చిన."

నిజమే. అలా పెట్టిన అన్నం దేవానందం ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ముట్టలేదు.

అతను డబ్బాను పక్కకు జరిపాడు.

"ఆ అన్నమే పెట్టండమ్మా."

గరిటె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. బ్రహ్మచారి తలెత్తి, ఆ రోజు మొదటిసారి, దేవానందం ముఖం చూశాడు. శ్యామలమ్మ వడ్డించింది. తనూ కూర్చుంది.

ముగ్గురూ కలిసి తిన్నారు, కిందటేడు నేరేడ్‌మెట్ వాలులో ఆ ట్రాలీ కింద పడి చనిపోయిన సదాశివకు అమ్మానాన్నలు పెట్టిన మొదటి పెత్రమాస అన్నం.