ఆవిరి గదిలో రెండు నవలలు

"వసంతంలోగా ఒక్క నవలే పూర్తి చేయగలను. అనుకున్న రెండిట్లో ఏది రాయమంటావే?" ఆవిరి గదిలో కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుతూ భార్యను అడిగాడు ఉర్హో.

"రాజుగారి యుద్ధమే రాయవయ్యా. గొప్పగా ఉంటుంది," అంది హెల్వి.

అతను సంబరంగా చెప్పడం మొదలుపెట్టాడు. సైన్యం నది దాటకముందే ఆమె లేచింది. "అమ్మో, వేడి! నే పోతున్నా."

"రెండోదాన్లో ఏముందిలే," గొణిగాడు ఉర్హో. "పాస్టరు ప్యాంటు కొమ్ములకు తగిలించుకుపోయిన దుప్పి."

హెల్వి తలుపు దగ్గరే ఆగింది. "ప్యాంటా? అప్పుడాయన ఎక్కడున్నాడు?"

"ఇలాగే, ఆవిరి గదిలో."

ఆమె వెనక్కి వచ్చి, అన్నిటికన్నా వేడిగా ఉండే పైబల్ల ఎక్కింది. ఉర్హో రాళ్ల మీద ఇంకో చెంబు నీళ్లు కుమ్మరించాడు. ముఖం కందగడ్డలా అయినా ఆమె కదల్లేదు.

"మరి రాజుగారు?"

"ఆయన్ని నది ఇవతలే ఉండనీ! పాస్టరు ఇల్లెలా చేరాడో చెప్పు."