వంటగది వైపు వీణ

“సూది కాదు జాకబ్. సూది మార్సినారు, అయినా పలకలేదు. కార్ట్రిడ్జే పోయింది,” అన్నాడు నూకయ్య.

కార్ట్రిడ్జంటే రికార్డు ప్లేయర్లో సూదిని పట్టుకుని ఉండే చిన్న ముక్క. ఖరిదా బజారులో అలాంటివి దొరికే కొట్టు జాకబ్‌దొక్కటే.

“ఏ కంపెనీ పెట్టె బాబాయ్?”

“తెల్దు.”

“పోనీ, ఓపాలి పట్టుకొచ్చీ.”

“తేలేను.”

“ఫొటో తీసి తెస్తావా?”

“కుదర్దు.”

జాకబ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. “బాగుంది వరస! కాలి కొలత తెల్దు గానీ సెప్పులు కావాలంటే ఎలగ బాబాయ్?”

నూకయ్యకి ఒళ్లు మండింది. ముప్పైయేళ్లుగా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొలత చూడకుండా నట్టు కూడా ముట్టని మనిషి. కానీ ఏం చెప్తాడు పాపం! నోరు విప్పితే ఒక తంటా, విప్పకపోతే ఇంకో తంటా.

ఇంట్లో భార్య సత్యవాణి మంచం పట్టి రెండేళ్లు. తుంటి విరిగిన నాటినుంచీ ఆ గది దాటలేదు. సాయంత్రం ఆరింటికి వీణ రికార్డు మొదలైతే చాలు, నోరు తెరిచి నాలుగు చెంచాల జావ తాగేది. పెట్టె మూగబోయి పది రోజులైంది. జావ గిన్నె నిండుగా వెళ్లి నిండుగానే తిరిగొస్తోంది. “ఇంకా పాట పెట్టలేదేటి?” అని అడుగుతుంది, గోడకేసి తిరిగి పడుకుంటుంది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు. 

“పిన్నికి ఫోన్లో పెట్టరాదా?” అన్నాడు జాకబ్.

“పెట్టినాను. ‘ఇది మన పాట కాదు’ అంది. మధ్యలో ఓ సోట టక్కుమని సూది గెంతుతాది, అది లేదంది.”

జాకబ్ మెత్తబడ్డాడు. “అయితే ఎలగ పలుకుతాదో అదైనా సెప్పు.”

నూకయ్య కళ్లు మూసుకున్నాడు. “వీణ వంటగది వైపు. మృదంగం మంచం వైపు.”

“అంటే స్టీరియో. రెండు స్పీకర్లు.” జాకబ్ రెండు డబ్బాలు బల్లమీద పెట్టాడు. “ఇది ఆరొందలు. బరువుగా నొక్కుతాది, రికార్డుని తినేస్తాది. ఇది రెండువేల రెండొందలు. తేలిక. సానా మిషన్లకి రెండు స్క్రూలతో కూకుంటాది. కూకోకపోతే నన్ననొద్దు, వాపసు లేదు.”

నూకయ్య జేబులో ఉన్నవి రెండున్నర వేలు. ఆరొందలదాని మీద చెయ్యి వేశాడు. ఆమె వినే ఆ ఒక్క రికార్డూ అరిగిపోతే? చెయ్యి వెనక్కి తీసుకుని రెండోది కట్టించుకున్నాడు.

“సాయంత్రం నేనే వొచ్చి బిగించీనా బాబాయ్?”

“వొద్దొద్దు!” నూకయ్య ఉలిక్కిపడ్డాడు. “బిగించుకుంటారు.”

జాకబ్ ఇంకేదో అడిగేలోపే సైకిలెక్కేశాడు.

క్వార్టర్ల వరసకి చేరేసరికి ఐదుంబావు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

పక్క క్వార్టరులో ఉమాశంకర్ పెట్టే రికార్డుల గోల భరించలేకపోతున్నామని ఐదేళ్ల కిందట ఆఫీసుకి అర్జీ పెట్టి, ఆనాటి నుంచీ అతనితో మాటల్లేక, పెట్టె పాడైన సంగతి కూడా గోడ అవతలి మాటల్లోనే విన్న నూకయ్య, ఆ పొట్లాన్ని అతని గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, పరుగున తన ఇంట్లో దూరి గడియ వేసుకున్నాడు.