శుక్రవారం మెసేజ్

"ఈ తూరి ఏ ఊరంటన్నా?" ఉల్లిగడ్డలు తరుగుతూ అడిగాడు హసన్.

"బుడాపెస్ట్ అట. ఫోటోల కింద రాసిండు," అన్నాడు ఇస్తారి. అప్పుడే నిద్ర లేచి, మంచం మీద కూర్చొని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

ఒమన్‌లోని సూర్‌లో మసీదు పక్కనే ఉన్న ఆ రూమ్‌లో ఇద్దరూ తొమ్మిదేళ్లుగా కలిసి ఉంటున్నారు. ఇస్తారిది జగిత్యాల వైపు, హసన్‌ది కడప. ఒకే కంపెనీ, ఒకే సైట్. సెలవు రోజున వంట హసన్‌ది, గిన్నెలు ఇస్తారివి. ఇస్తారి కొడుకు పెద్ద చదువుకని పోలండ్ వెళ్లి ఏడాదవుతోంది. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి ప్రతి శుక్రవారం వాయిస్ మెసేజ్ పెడతాడు. శుక్రవారం తండ్రీకొడుకులిద్దరికీ సెలవే.

హసన్ చెయ్యి లుంగీకి తుడుచుకొని ఫోన్ అందుకున్నాడు. నది మీద వంతెన, నీళ్లలో దీపాలు, ఎర్ర లైట్ల కింద చేతులెత్తి ఎగురుతున్న జనం.

"పిల్లోడు ఒక్కదాంట్లోనూ లేడే?"

"తీసేటోడే వాడైతే ఎట్లుంటడు?"

"అదీ నిజమేలే. ఆ పోలండ్‌లో అజాన్ వినపడతాదేమో అడగమంటి, అడిగితివా?"

"అడిగిన. మసీదు ఉన్నదట గని మైకుల చదవరట. పొద్దున లేస్తే చర్చి గంటలేనట."

"అజాన్ లేకుంటే పొద్దెట్ల పోతాదో పాపం," అని హసన్ నిజంగానే బాధపడ్డాడు.

ఇస్తారి మెసేజ్ నొక్కాడు. మధ్యాహ్నం, తను పడుకున్నప్పుడు వచ్చింది. కొడుకు గొంతు మొదలైందో లేదో, మసీదు మైకులో సాయంత్రం నమాజుకు పిలుపు అందుకుంది. ఆ మైకు సరిగ్గా వీళ్ల కిటికీకే ఎదురుగా ఉంటుంది. ఇస్తారి ఫోన్ చెవికి అదుముకున్నాడు.

"నాయినా, మంచిగున్నవా? రాత్రి తెల్లారేదాక డాన్సే. గొంతు పోయింది, కాళ్లు ఒకటే గుంజుతున్నయ్. పొద్దుగాల వచ్చి పన్న. వచ్చే వారం ఇంకో దేశం పోతం. నువ్వు వీసా పొడిగిస్తనన్నవట, అమ్మ చెప్పింది. వద్దు నాయినా. నాకీడ పని దొరికింది, ఫీజు నేనే కట్టుకుంట. నువ్వు క్యాన్సిల్ కొట్టిచ్చుకొని ఇంటికి పో. ఆ మోకాలుతోని ఇంకెన్నాళ్లు ఎక్కుతవ్ మెట్లు?"

తర్వాతి మాటలు అజాన్‌లో కలిసిపోయాయి. ఇస్తారి ఫోన్ మంచం మీద పడేశాడు.

రేపు ఆఫీసులో ఏదో ఒకటి చెప్పాలి. ఇంకో రెండేళ్లు ఉంటాడా, క్యాన్సిల్ చేయించుకొని పోతాడా అని ఫోర్‌మన్ రెండుసార్లు అడిగాడు. మోకాలు పొమ్మంటోంది. కొడుకు చదువు పూర్తయ్యేదాకా ఉండాలని తనే మొండికేశాడు. డాక్టర్ ఇచ్చిన కాగితం ఎవరికీ చూపించకుండా పెట్టెలో అడుగున దాచాడు.

"విన్నవా హసన్ భాయ్? నేను మూడంతస్తులు ఇటుకలు మోసి కుంటుతున్న. వాడు ఎగిరీ ఎగిరీ కాళ్లు గుంజుతున్నయంటున్నడు."

"వయసులో ఉండాడు, పోనీలే అన్నా. మనం తిరగలేదు, వాళ్లన్నా తిరగనీ."

"తిరగనీ. సదువు ముచ్చట ఒక్క నాడన్న చెప్పిండా? ఎప్పుడు చూడు, గొంతు పోయింది, నిద్ర లేదు."

హసన్ టోపీ పెట్టుకొని నమాజుకు వెళ్లాడు. ఇస్తారి ఒక్కడే మిగిలాడు. ఏడాదిగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. ఫోన్ తీసి బటన్ నొక్కిపట్టాడు.

"ఎగురు బిడ్డా, బాగా ఎగురు. నాకు సాతనైతలేదు. రేపే క్యాన్సిల్ కొట్టిచ్చుకుంట. ఇగ నీ బతుకు నీది. నాకు మెసేజులు పెట్టకు."

పంపేశాడు. రెండు నిమిషాలకు జవాబు వచ్చింది, గొంతు కాదు, రాతే. 'మంచిది నాయినా. మాట తప్పకు.'

వీడికి చీమ కుట్టినట్టయినా లేదు అనుకున్నాడు ఇస్తారి. తండ్రి వద్దన్నా వాడికి సంతోషమే. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు ఒరిగి కూర్చున్నాడు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే గొంతు ఇట్లాగే బొంగురుపోయేది. సెలవుకు ఇంటికి పోయినప్పుడు రాత్రంతా వాణ్ని భుజాన వేసుకొని తిరిగాడు. 'మెసేజులు పెట్టకు' అన్న మాట గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

వాడి గొంతు ఇంకోసారి వినాలనిపించింది. చివర్లో ఏమన్నాడో కూడా తెలియలేదాయె. స్పీకర్ పెట్టి, మెసేజ్ మళ్లీ నొక్కి కళ్లు మూసుకున్నాడు. 'తెల్లారేదాక డాన్సే' దగ్గర పళ్లు బిగబట్టాడు. 'మోకాలుతోని ఇంకెన్నాళ్లు' దగ్గర గొంతు వణికిందని ఇప్పుడు తెలిసింది. ఆ తర్వాతి మాటలు మళ్లీ అజాన్‌లో కలిసిపోయాయి. ఈ మైకుతో ఎప్పుడూ ఇదే బాధ అని విసుక్కున్నాడు.

తలుపు తోసుకొని వచ్చిన హసన్ గడపలోనే ఆగిపోయాడు.

"ఇప్పుడేం అజాన్ అన్నా? నమాజు చదువుకోనే వస్తాండా."

ఇస్తారి కళ్లు తెరిచి కిటికీలోంచి చూశాడు. మసీదు మెట్ల మీద జనం చెప్పులు వేసుకొని ఇళ్లకు వెళ్తున్నారు.

అజాన్ ఫోన్‌లోంచి వస్తోంది.