ఫట్‌ఫటికి కొత్త సీటు

ఘాట్‌రోడ్డు మీద పడి చచ్చిన తమ్ముడు లచ్చయ్య చిన్న మోటారుసైకిలును, నిర్మల్‌లో బొమ్మలకు రంగులేసే అంతయ్య తన ఇంటి వసారాలో తిరిగి కడుతున్నాడు. ఇంజను ఇంకా ముక్కలుగా కిరోసిన్‌లో నానుతోంది. ట్యాంకు మీద తమ్ముడి పేరు గీకేసి, ఆకుపచ్చ రంగేసి, బంగారు లేళ్లు గీశాడు. తన భార్య బుచ్చవ్వ కోసం వెనక కొత్త సీటు బిగించాడు.

ఎన్నిసార్లు రంగేసినా తెల్లారేసరికి ట్యాంకుకు రెండు పక్కలా చెరిగిపోతోంది, సరిగ్గా నడిపేవాడి మోకాళ్లు ఆనే చోట.

“గీ ఫట్‌ఫటి మనకొద్దయ్యా,” అంది బుచ్చవ్వ.

“బొమ్మల గంప నెత్తిన పెట్టుకొని నేను నడుస్తుంటే, మొకం మీద దుమ్ము కొట్టుకుంట పోయిండు తమ్ముడు. ఒక్కనాడన్న ఎన్క కూసోమనలే. ఇగ గిది నాది.”

ఆ రాత్రి మళ్లీ రంగేసి, కందిలి వెలిగించి, పక్కన కాపలా కూర్చున్నాడు.

వీధికుక్కలు ఒక్కసారిగా మొరుగుడు ఆపేశాయి. ముందు సీటు స్ప్రింగులు కిర్రుమంటూ కుంగాయి. తడి రంగు రెండు పక్కలా మెల్లగా చెరిగింది.

అంతయ్య కందిలి ఎత్తి చూశాడు. స్ప్రింగులు పైకి లేవలేదు.

అప్పుడు వెనక సీటు మీద దుమ్ము, ఎవరో అరచేత్తో తుడిచినట్టు, ఒక పక్కకు జరిగింది.