దేవమ్మ చూడవచ్చిన జైలు

"తలుపు మూసెయ్యి బిడ్డా," అంది దేవమ్మ, ఖైదీల గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంటూ.

నాగవల్లి తటపటాయించింది. సంగారెడ్డి పాత జైలు మ్యూజియానికి వచ్చేవాళ్లు ఊచలు పట్టుకుని ఫొటోలు దిగుతారు, నవ్వుకుంటారు, వెళ్లిపోతారు. లోపల ఉంచి తలుపు మూయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అయినా మూసింది. ముసలామె కళ్లు మూసుకుంది.

నాగవల్లిది బీఏ హిస్టరీ చివరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్ కోసం కాలేజీ వాళ్లు ఆమెను ఇక్కడికి పంపారు. తండ్రి దుర్గాప్రసాద్ గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడినవాడు. కూతురు కంప్యూటర్లు వదిలేసి చరిత్ర తీసుకోవడం ఆయనకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అందుకే ఇక్కడ మంచి పేరు తెచ్చుకోవాలని ఆమె పంతం.

మొదట్లో చూడవచ్చినవాళ్లకు నిజాం కాలం సంగతులూ తేదీలూ చెబుతుంటే జనం మధ్యలోనే జారుకునేవారు. దాంతో తనే కొంత కల్పించడం మొదలుపెట్టింది. పురుగులు తేలే జావ, చలికాలం తడినేల మీద పడక, తెల్లవార్లూ మూలుగులు. ఇవేవీ ఆమె చదివిన పుస్తకాల్లో లేవు. కానీ వినేవాళ్లు కదలకుండా నిలబడేవారు.

దేవమ్మకూ అవే చెప్పింది. పాశమైలారం నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చిందామె. ఆ జైలు ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో అడగలేదు. దుప్పటి ఇస్తారా, ఆకలైతే ఇంకో ముద్ద పెడతారా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఏడిస్తే పక్క గదిలోకి వినబడుతుందా అని అడిగింది. నాగవల్లి ఒక్కో ప్రశ్నకూ ఒక్కో ఘోరం వర్ణించింది. ఆమె ముఖం పాలిపోతుంటే తన కథ బాగా పండుతోందనుకుంది. ఈమె మామో తాతో ఇక్కడ ఖైదీగా ఉండి ఉంటాడనీ తోచింది. అలాంటి కుటుంబం ఒక్కటి దొరికితే చాలు, ప్రాజెక్టుకు తిరుగుండదు.

నాగవల్లి ఇప్పుడు తలుపు తీసి, లోపలికి వచ్చి దేవమ్మ పక్కన కూర్చుంది. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, "మీవాళ్లెవరైనా ఇక్కడ ఉండేవాళ్లా అమ్మా?" అని అడిగింది.

"గీడ కాదు బిడ్డా. నా కొడుకును మొన్న జైలుకు తోల్కపోయిండ్రు. రెండేండ్ల శిక్ష ఏసిండ్రు. ఆడికి పోయి వాని మొకం సూసే ధైర్యం నాకు సాలలే. ఇదన్న సూస్తే వాడెట్లుంటడో సమజైతదని వచ్చిన."

నాగవల్లి రికార్డింగ్ ఆపేసింది. తను చెప్పినవేవీ నిజం కాదని, అంతా కల్పితమని ఒప్పుకుంది. ఇప్పటి జైళ్లలో డాక్టరు ఉంటాడని, వేళకు అన్నం పెడతారని, దుప్పట్లు ఇస్తారని చెప్పింది. దేవమ్మ ఆ పిల్ల తల నిమిరింది. ఒక్క ముక్కా నమ్మలేదు. తన కడుపుకోత చూడలేక అబద్ధమాడుతోందనుకుంది.

తర్వాత ఆమే మెల్లగా చెప్పుకొచ్చింది. కొడుకు పేరు నవీన్. లారీ నడిపేవాడు. మూడేళ్ల కిందట ఒక చలికాలపు తెల్లవారుజామున తాగి వస్తూ, షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికెళ్తున్న ఒడిశా కుర్రాణ్ణి గుద్దేశాడు. ఆగలేదు. పొగమంచులో రోడ్డు మీద ఇంకెవరూ లేరు. ఇంటికొచ్చి వాకిట్లోనే లారీ కడిగి పడుకున్నాడు.

చనిపోయినవాడి భార్య వాళ్ల గల్లీలోనే కిరాయికుండేది. ఆమెకు తెలుగు రాదు. చంటిపిల్లను చంకనేసుకుని నల్లా దగ్గరకొచ్చి, నీళ్లకు వచ్చినవాళ్లందరికీ మొగుడి ఫొటో చూపించి ఏదో అడిగేది. పోలీసులు అనుమానం మీద నవీన్‌ను పట్టుకున్నారు గాని, కేసు నిలవదని, కొట్టేస్తారని వకీలు గట్టిగా చెప్పాడు.

"మంచోడే బిడ్డా," అంది దేవమ్మ. "నాకు పానం బాగలేకుంటే ఇంత జావ కాసి తాపిచ్చేటోడు. ఆడపిల్ల తీరు సూసుకున్నడు నన్ను."

నాగవల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తల్లి తరఫున ఎవరిమీదో కోపమూ వచ్చింది.

"రోడ్డు మీద ఎవరూ లేరన్నారు కదమ్మా. మీ అబ్బాయి మీద అంత పగ ఎవరికి? కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పిందెవరు?"

దేవమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేనే చెప్పిన."